పూర్వపక్షం: ఎదుటివారి మాట ముందు

మా ఆదివారం స్వాధ్యాయ గోష్ఠిలో బ్రహ్మసూత్ర శాంకరభాష్యం రెండో అధ్యాయం, రెండో పాదం నడుస్తోంది. దీన్నే తర్కపాదం అంటారు. సాంఖ్యం, వైశేషికం అయ్యాయి. మొదట్లో "ఇది శంకరులు అంటున్నదా, ప్రతివాది అంటున్నదా?" అని ఎవరో ఒకరు అడగని వారం లేదు. కుండలన్నిటికీ మన్ను కారణమైనట్టే సుఖదుఃఖమోహాలతో నిండిన ఈ జగత్తుకు జడమైన ప్రధానమే కారణమని సాంఖ్యుల వాదం. శంకరులు దాన్ని ఎంత నిదానంగా విప్పి చెప్తారంటే, ఖండన వచ్చేలోపే మాలో ఇద్దరు సాంఖ్యులైపోయారు!

మీమాంసలోనూ వేదాంతంలోనూ ఒక సంగతిని తేల్చే ప్రకరణాన్ని అధికరణం అంటారు. ముందు విషయం, తర్వాత సంశయం, ఆపైన పూర్వపక్షం. సిద్ధాంతం ఆ తర్వాతే. ఎదుటివాడు అక్కడే కూర్చుని వింటే, "అవును, నేనన్నది ఇదే" అని తల ఊపేలా ఉండాలి పూర్వపక్షం. అయోధ్యాకాండలో పరలోకం లేదన్న జాబాలి మాటలకు వాల్మీకి ఒక సర్గ ఇచ్చాడు. రాముడు కోపంగానే జవాబిచ్చాడు, కానీ అంతా విన్నాకే. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వారి గురించి మనకు తెలిసినదంతా చాలావరకు వారిని ఖండించినవారు రాసిపెట్టిందే. (అందులో హేళనా దండిగానే ఉంది, అది వేరే మాట.)

ఇవన్నీ చదువుతున్న మేమే కిందటి ఎన్నికలప్పుడు ఏం చేశామో చెప్పుకోవాలి. గోష్ఠి వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన తన అభ్యర్థిని సమర్థిస్తూ రాశారు. నలుగురం విరుచుకుపడ్డాం. ఆయన గ్రూపు వదిలేశారు, ఆదివారాలు రావడమూ మానేశారు. "హమ్మయ్య, ప్రశాంతంగా ఉంది" అనుకున్నాం. ఆ ప్రశాంతతలోనే మా నోళ్లు మరీ పెరిగాయి. ఆయన ఎందుకలా అనుకుంటున్నారో ఎవరం అడగలేదు. "ఆ పార్టీవాళ్లంతా అంతే" అని మాత్రం అందరం అన్నాం. కాదనడానికి ఎదురుగా మనిషి లేడు కదా.

ఇది మా ఒక్కరి జబ్బు కాదు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, స్వలింగ వివాహంపై తమకు నచ్చని వాదన చదివేవారికి 10 డాలర్లు గెలిచే అవకాశం, నచ్చినదే చదివేవారికి 7 డాలర్లే అన్నారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆ 3 డాలర్లు వదులుకున్నారు. ఇరుపక్షాలదీ అదే తీరు.

అందుకే మొన్న గోష్ఠిలో ఒక అభ్యాసం పెట్టుకున్నాం. స్కూళ్ల కోసం ఇంటి పన్ను పెంచాలా వద్దా? పెంచాలనే యువ తల్లి ఒకరు వద్దనేవారి పక్షం చెప్పాలి. "వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, ఇంక అక్కర్లేదు" అని మొదలుపెట్టారు. వద్దనే బామ్మగారు, "అది నా మాట కాదమ్మా" అన్నారు. మూడోసారికి, "రాబడి పెరగదు, పన్ను పెరుగుతుంది, ముప్పై ఏళ్లున్న ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుందని భయం" అని చెప్పగలిగారు. బామ్మగారు తల ఊపారు. ఓటు మాత్రం ఇద్దరూ మార్చుకోలేదు.

ఈ త్రైమాసికంలో బౌద్ధుల ప్రకరణం మొదలవుతోంది. క్షణికవాదానికి పూర్వపక్షం చెప్పమని ఆ పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాం, ముందు క్షమాపణ చెప్పుకుని. "చూద్దాం" అన్నారు. ఆయన కుర్చీ వేసే ఉంచుతున్నాం.