క్యారేజీ ఎవరు కట్టాలి?



తెల్లవారింది. పొయ్యి వెలిగింది. బడి గంట కొట్టేలోగా పిల్లల క్యారేజీ సిద్ధం కావాలి. ఆ క్యారేజీ ఎవరు కట్టాలి? అమ్మా? నాన్నా? పిల్లలా?

ఇది చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. కాని దీని వెనుక ఒక ఆడపిల్ల చదువు ఉంది. ఎలాగో చదువుదాం.

ఉప్పాడలో పొద్దున్న

ఉప్పాడ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉంది. ఇక్కడ రెండు పనులు ముఖ్యం. ఒకటి చేపల వేట. రెండోది నేత.

ఉప్పాడ జాందానీ చీర దేశమంతా తెలుసు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఈ ప్రాంతం నేతకే చెందుతుందని ప్రభుత్వం రాసి ఇచ్చిందన్నమాట.

జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. బుటాలకు దారం చేత్తోనే ఎక్కించాలి. ఒకరు లేస్తే రెండోవారి పనీ ఆగుతుంది. చేపలమ్మే ఆడవాళ్ళు పడవలు వచ్చే వేళకు ఒడ్డున ఉండాలి. ఆలస్యమైతే బేరం పోతుంది.

మరి ఈ అమ్మలకు క్యారేజీ కట్టే తీరిక ఎక్కడిది?

ఇద్దరు వదినల మాటలు

ఇద్దరు ఆడవాళ్ళు ఇలా మాట్లాడుకున్నారు అనుకుందాం. ఒకామె చేపలమ్ముతుంది. ఇంకొకామె మగ్గం నేస్తుంది.

"మా పెద్దదానికి పదకొండేళ్ళు వచ్చాయి వదినా. క్యారేజీలన్నీ అదే కడుతుంది. నాకు బెంగ లేదు."

"అన్నీ అంటే ఎన్ని?"

"వాళ్ళ నాన్నకి ఒకటి. తమ్ముడికి ఒకటి. దానికి ఒకటి."

"తమ్ముడికి ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ళవాడికి తన గిన్నె తాను కడుక్కోవడం రాదా?"

"మగపిల్లాడు కదా వదినా!"

"అన్నం తినేటప్పుడు మగపిల్లాడు కాదా? ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. మీ అమ్మాయి రోజూ మొదటి గంట అయిపోయాక వస్తోందట. లెక్కల పాఠం పోతోందట. పంతులమ్మ నాతో అంది."

చేపలమ్మే వదిన తలమీది తట్ట కిందికి దించింది. కాసేపు మాట్లాడలేదు.

"నాతో అది ఎప్పుడూ చెప్పలేదే! ఇప్పుడు నేనేం చెయ్యను? చీకటితోనే ఒడ్డుకి పోవాలి కదా."

"పని పంచు వదినా. అంతా ఒక్కదాని నెత్తిన పెట్టకు."

పని మూడు ముక్కలు

క్యారేజీ కట్టడం ఒక్క పని కాదు. మూడు పనులు.

1. వండడం. ఇక్కడ నిప్పు ఉంది. మరిగే గంజి ఉంది. ఇది పెద్దవాళ్ళ పని. అమ్మ ఒడ్డుకు పోయిన రోజు ఇంట్లో ఉన్న నాన్న వండాలి. వలలు అల్లే చేతికి, మగ్గం నేసే చేతికి గరిటె బరువు కాదు.

2. నింపడం. అన్నం, కూర పెట్టి మూత బిగించడం. ఇది పిల్లలు నేర్చుకోవచ్చు.

3. కడగడం. సాయంత్రం వచ్చాక గిన్నె కడిగి బోర్లించడం. ఇది ఎవరి గిన్నె వారిదే.

ఏ వయసుకు ఏ పని?

ఆరేడేళ్ళ పిల్లలు చేతులు కడుక్కుని, తాగే నీళ్ళు సీసాలో పట్టుకోగలరు.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు ఆరిన అన్నం గిన్నెలో పెట్టుకోగలరు. మూత బిగించి సంచిలో పెట్టుకోగలరు.

పది దాటిన పిల్లలు పెరుగన్నం కలుపుకోగలరు. పెద్దవాళ్ళు పక్కనుంటే కూర తరగడం నేర్చుకుంటారు.

ఈ పనులు అమ్మాయికీ ఒకటే. అబ్బాయికీ ఒకటే. పని నేర్పడం మంచిది. పని మోయించడం మంచిది కాదు. తన గిన్నె తాను సర్దుకుంటే అది నేర్పడం. ఇంటిల్లిపాదికీ ఒక పిల్లే కడితే అది మోయించడం. ఆ బరువుకు ముందు బడికి ఆలస్యం అవుతుంది. తర్వాత పాఠం అర్థం కాదు. ఆ తర్వాత బడి మీదే మనసు పోతుంది. చాలామంది ఆడపిల్లల చదువు ఇలా కొంచెం కొంచెంగానే ఆగింది. మనలో ఎంతమంది చదువు అలా ఆగిందో మనకే తెలుసు.

జాగ్రత్తలు

పొగలు కక్కే అన్నం గిన్నెలో పెట్టి వెంటనే మూత బిగించకండి. లోపల చెమట పడుతుంది. మధ్యాహ్నానికి అన్నం పాసిపోతుంది. పళ్ళెంలో పరిచి ఆరనివ్వండి.

రాత్రి మిగిలిన చేపల కూర పొద్దున్న బాగా మరగనివ్వండి. వాసన మారితే పారబోయండి. చిన్నపిల్లలకు ముల్లు తీసి పెట్టండి.

వార్తాపత్రిక కాగితంలో ఇడ్లీ, గారె చుట్టకండి. అచ్చు సిరా తిండికి అంటుతుంది. అరిటాకు మంచిది. స్టీలు గిన్నె మంచిది.

బడిలో పెట్టే భోజనం

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్నం భోజనం బడిలోనే పెడతారు. ప్రైవేటు బడికి పోయే పిల్లలకు క్యారేజీ తప్పదు.

బడి భోజనం కథ పాతది. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ ఒక బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించింది. అప్పుడు ఆ సంస్థ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన చేనేత కులంలో పుట్టిన తెలుగువాడు.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ఈ పథకం మొదలుపెట్టింది. మొదట్లో చాలాచోట్ల బియ్యం ఇచ్చి ఊరుకున్నారు. వండి వేడిగా పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెడుతున్నారు. 2024లో దీనికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె మన గోదావరి ఆడపడుచు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్ళకు వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి. 1909లో కన్నుమూసింది.

బడిలో పెట్టినా అమ్మ పని పూర్తి కాలేదు. అమ్మ అడగాలి. ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం లెక్క. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు 150 గ్రాములు. ఏ రోజు ఏం పెట్టాలో రాసిన పట్టిక బడిలో ఉండాలి. నిన్నటిదాకా అది మనకు గోడ మీది గీతలు. ఇవాళ మనం చదవగలం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీలో కూర్చోండి. వంట రుచి చూడండి. సంతకం పెట్టేముందు చదవండి.

జపాన్ పిల్లలు

జపాన్ దేశంలో బడి పిల్లలే వంతులవారీగా తోటివాళ్ళకు వడ్డిస్తారు. తెల్ల టోపీ, తెల్ల అంగీ వేసుకుని వడ్డిస్తారు. తిన్నాక అందరూ కలిసి సర్దుతారు. మగపిల్లలూ చేస్తారు. ఆడపిల్లలూ చేస్తారు. అక్కడ అది కూడా చదువులో భాగమే.

మరి ఎవరు కట్టాలి?

వండేది పెద్దలు. సర్దుకునేది పిల్లలు. అడిగి చూసుకునేది అమ్మా నాన్నా ఇద్దరూ. ఎవరూ తప్పించుకోకూడదు. ఒక్కరే మొయ్యకూడదు.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఇంట్లో పొద్దున్న అందరికంటే ముందు లేచేది ఎవరు? ఎందుకు?

2. చేపలమ్మే ఆమె కూతురికి లెక్కల పాఠం ఎందుకు పోయింది?

3. మూడో తరగతిలో 40 మంది పిల్లలు ఉన్నారు. తలకు 100 గ్రాముల చొప్పున ఎన్ని కిలోల బియ్యం వండాలి? (జవాబు: 4 కిలోలు)

రాయండి

ఒక కాగితం తీసుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుల పేర్లు రాయండి. ప్రతి రోజు పక్కన వండేది ఎవరో, గిన్నెలు నింపేది ఎవరో, కడిగేది ఎవరో రాయండి. నాన్న పేరు కూడా రాయండి. అబ్బాయి పేరు కూడా రాయండి. దాన్ని పొయ్యి దగ్గర గోడకు అంటించండి.

వారం తర్వాత ఆ కాగితం మళ్ళీ చదవండి. ఒకే పేరు ఎక్కువసార్లు కనబడితే ఆ పేరు కొట్టివేసి, ఇంకొకరి పేరు రాయండి.