రాత్రి బాటలో రక్షణ: పంచాయతీ పూచీ

పగలెల్ల పట్టణములో పనిచేసి, ఆఖరి బస్సులో వచ్చి, అడ్డరోడ్డు వద్ద దిగి, చీకటిలో నడచి ఇల్లు చేరువారు నేడు పెక్కు గ్రామములందు కలరు. తాపీపని కూలీలు, దుకాణములలో పనిచేయు స్త్రీలు, కళాశాల విద్యార్థినులు, మార్కెట్టుకు పోయివచ్చు రైతులు, అందరును ఈ బాటసారులే. వీరు క్షేమముగా ఇల్లు చేరుట ఎవరి పూచీ? పోలీసులదేయని మనలో పెక్కుమంది తలంపు. ఆ తలంపు సగమే సత్యము.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామసభకు పోయియుంటిమి. అంతకు కొలది దినముల ముందు ఒక కూలి తల్లి రాత్రి తొమ్మిది గంటలకు బస్సు దిగి వచ్చుచుండగా, మోటారు సైకిలుపై వచ్చిన ఇరువురు ఆమె మెడలోని పుస్తెలతాడు తెంపుకొని పోయిరి. క్రిందపడిన ఆమెకు చేయి విరిగినది. సభలో ఒక సభ్యుడు, “అంత ప్రొద్దుపోయి ఒంటరిగా ఎందుకు వచ్చితివమ్మా?” అని అడిగెను. “పని విడుచు వేళ నా చేతిలో లేదు బాబూ! అడ్డరోడ్డు దీపము మాడి నాలుగు నెలలాయె. అది మీ చేతిలోనిదే గదా!” అని ఆమె బదులు చెప్పెను. సభ నిశ్శబ్దమయ్యెను. ఆమె మాటయే ఈ పాఠమునకు మూలము.

1. వెలుతురు

1994 నాటి ఆంధ్ర ప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమును, 2018 నాటి తెలంగాణ చట్టమును వీధి దీపముల ఏర్పాటును గ్రామ పంచాయతీ విధులలో చేర్చినవి. కనుక ఇది దయతో చేయు పని కాదు, చేసి తీరవలసిన పని.

సర్పంచి, కార్యదర్శి, వార్డు సభ్యులు, ముఖ్యముగా స్త్రీ సభ్యులు, నెలకొకమారు ఆఖరి బస్సు వేళకు అడ్డరోడ్డునుండి ఊరి చివరి యింటివరకు నడచి చూడవలెను. పగలు కనబడని లోపములు రాత్రి నడకలో కనబడును. స్తంభములకు వరుస సంఖ్యలు వేసి, మాడిన దీపములను, వెలుతురునకడ్డు వచ్చు కొమ్మలను, బాట ప్రక్కనున్న తుమ్మకంపను, పాడుపడిన గోడలను పుస్తకములో వ్రాసికొనవలెను. ఏ తేదీన చూచినది, ఏ తేదీన బాగుచేసినది ప్రక్కప్రక్కనే వ్రాసినచో జాప్యము దాగదు.

2. బాటసారి జాగ్రత్తలు

ఈ క్రింది సంగతులను గ్రామసభలోను, మహిళా సంఘములలోను చెప్పుడు.

కాలిబాట లేని రోడ్డుపై కుడిప్రక్కగా, ఎదురు వచ్చు బండ్లు కనబడునట్లు నడువవలెను. గొలుసు దొంగలు తరచుగా వెనుకనుండి వత్తురు. ఎదురు చూపుతో నడచువారిని సమీపించుట వారికి కష్టము. మెడలోని బంగారమును పమిటచెంగుతో కప్పుకొనవలెను. బండి ఆపి దారి అడుగువారికి దూరముగా నిలిచియే బదులు చెప్పవలెను. ఒకే బస్సులో దిగినవారు కలసి నడుచుట మేలు. గుంటూరు మిర్చి యార్డునకు గాని, వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు గాని సరుకు తోలిన రైతు, సొమ్మును బ్యాంకు ఖాతాలో వేయించుకొనినచో రొక్కము మోసికొని వచ్చు భయముండదు.

దొంగ గుంజినపుడు పెనుగులాడరాదు. బంగారము మరల వచ్చును, ప్రాణము రాదు. బండి రంగు, సంఖ్య, పోయిన దిక్కు గుర్తుంచుకొని కేకలు వేయవలెను.

3. నేరము జరిగిన పిమ్మట

వెంటనే 112 సంఖ్యకు ఫోను చేయవలెను. “ఇది మా పరిధి కాదు” అను మాటతో వెనుదిరుగ నక్కరలేదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. గుంజుకొని పోవుటను భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షను ప్రత్యేక నేరముగా పేర్కొన్నది; దానికి మూడేండ్ల వరకు జైలు, జరిమానా కలవు. సెల్‌ఫోను పోయినచో దాని ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యతో ‘సంచార్ సాథి’ ద్వారా పనిచేయకుండ ఆపించవచ్చును. ఆ సంఖ్యను ముందే వ్రాసి యింట నుంచుకొనవలెను.

4. మన హద్దు

కన్నులయెదుట ఇట్టి నేరము చేసినవానిని పట్టుకొను హక్కు పౌరునకు కలదు. కాని ఆలస్యము చేయక, ఆరు గంటలలోపున పోలీసులకు అప్పగించవలెను. కొట్టు హక్కు ఎవరికిని లేదు. 2018లో పిల్లలనెత్తుకొని పోవువారన్న వట్టి పుకార్లు నమ్మిన గుంపుల చేతిలో పలువురు నిరపరాధులు అసువులు బాసిరి. అట్లే, కులమును బట్టియు, సంచార జీవనమును బట్టియు ఎవరిని దొంగలుగా నెంచరాదు. పుట్టుకతోనే నేరస్థుడని ముద్రవేసిన 1871 నాటి చట్టము 1952లో రద్దయినది. మన మనసులలోనుండియు అది రద్దు కావలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున నేడు వెలుగని దీపములెన్ని? అవి ఎన్ని దినములనుండి వెలుగలేదు?
2. ఆఖరి బస్సు ఎన్ని గంటలకు వచ్చును? అందు దిగు స్త్రీలెందరు?
3. గడచిన నెలలో మనలో ఎవరము ఆ బాటను రాత్రి నడచితిమి?

మూడవ ప్రశ్నకు జవాబు లేనిచో, తక్కిన రెండింటికిని సరియైన జవాబు దొరకదు. నేటి రాత్రియే బయలుదేరుడు.