ఫిర్యాదునకు ముందు విచారణ

పొరుగువాడు ప్రభుత్వ సొమ్మును అక్రమముగా పొందుచున్నాడని తోచినపుడు సభ్యులేమి చేయవలెనో ఈ పాఠమున వివరింపదలచితిమి.

మొదట నిబంధన నెరుంగవలెను. 2018లో ఆరంభమైన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చెందెను. భూమి సాగైనదా, బీడుపడినదా యను విచారణ లేకుండెను. కావున కౌలుదారుడు దున్నగా యజమాని సొమ్మందుకొనుట అన్యాయముగా తోచినను మోసము కాదు. 2025 జనవరి 26న ఆరంభమైన రైతుభరోసాలో ఎకరమునకు ఏటా 12,000 రూపాయలు సాగునకు యోగ్యమైన భూమికే నిర్ణయింపబడినవి. ప్లాట్లుగా మారిన నేలకు చెల్లదు. పొలములు ప్లాట్లగుచున్న అబ్దుల్లాపూర్‌మెట్ వంటి చోట్ల ఈ భేదము ముఖ్యము. ఏటా 6,000 రూపాయలిచ్చు పీఎం కిసాన్ ఆదాయపు పన్ను చెల్లించువారికి వర్తింపదు. అయినను, పొరుగువాని మిద్దెను, కారును చూచి అతడు పన్ను చెల్లించువాడని నిర్ణయింపరాదు.

పిమ్మట పొరుగువానికే చెప్పి చూడవలెను. తెలియక పొందినవారు పీఎం కిసాన్ సొమ్మును తిరిగి చెల్లించుటకు వీలు కలదు.

అతడు వినని యెడల, కంటితో చూచినదానినే వ్రాయవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, నేల యున్న స్థితి, చూచిన తేదీ చాలును. "మోసగాడు" అను మాట వలదు. అది తేల్చుట అధికారుల పని. వ్యవసాయాధికారికిగాని తహసీల్దారునకుగాని అర్జీ యిచ్చి రసీదు పొందవలెను, ఊర చాటరాదు. అబద్ధమని యెరిగియు ఫిర్యాదు చేయుట శిక్షార్హము.

గట్టు తగాదా తీర్చుకొనుటకు ఫిర్యాదు సాధనము కారాదు. అట్లని నిజము తెలిసియు మొగమాటమున మిన్నకుండుటయు తగదు; ఆ సొమ్ము మనందరిది.