ఏకాండి వీణ

నారదమహర్షి వీణకు మహతి యనియు, తుంబురుని వీణకు కళావతి యనియు, సరస్వతీదేవి వీణకు కచ్ఛపి యనియు పేర్లు. భక్తులకు ఇవి బాల్యమునుండి పరిచితములే. తాడిమర్రి, ధర్మవరము ప్రాంతములనుండి లేపాక్షికి పోయినవారు నాట్యమండప స్తంభములపై వాద్యకారుల శిల్పములను చూచియే యుందురు. రాతిలోని వాద్యములు సరే. కొయ్యతో చేసిన వీణ ఎట్లు పుట్టునో తెలిసినవారు మనలో కొలదిమంది.

ఆ విద్య విజయనగరం జిల్లా బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారి కుటుంబముల చేతులలో నిలిచియున్నది. వారు వాడునది పనసమ్రాను. కుండ, దండి, యాళిముఖము ఒకే మ్రానునుండి తొలిచినచో అది ఏకాండి వీణ. కుండను లోపల తొలుచుట కడు మెలకువ గల పని. గోడ మందమైనచో నాదము మూగపోవును; మరీ పలుచనైనచో తంత్రుల బిగువునకు ఓర్వదు. పచ్చికొయ్యతో తొందరపడినచో ఆరిన పిదప వంకర తిరుగును.

అసలైన పరీక్ష మేళము కట్టుట. మసి కలిపిన మైనమును దండిపై పోసి, అందు 24 లోహపు మెట్లను చెవితో స్వరము పోల్చుకొనుచు నిలుపుదురు. ఇట్లు మెట్లు స్థిరపడినది తంజావూరు నేలిన తెలుగుకవి, రామభక్తుడు రఘునాథనాయకుని కాలమున (17వ శతాబ్ది) నని సంగీతజ్ఞులు చెప్పుదురు. మెట్లపై సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అను నాలుగు తంత్రులు. ప్రక్కన తాళమునకు మూడు.

ఇప్పుడు గొల్లపల్లిలో సభలయందు జ్ఞాపికలుగా నిచ్చు చిన్నవీణలకు గిరాకి మెండు. అవి అద్దాలబీరువాకే గాని వాయించుటకు కావు. పనివారి పొయ్యి వెలిగించు వానిని తప్పుపట్టరాదు. అయినను మేళము కట్టు చెవి, పలికెడి వీణపైననే పదునెక్కును. పెద్దవీణ అడుగువారు లేనిచో ఆ చెవి కొడుకునకు ఎట్లు సంక్రమించును? శ్రీరంగమున రంగనాథుని పవళింపువేళ వీణ వినిపించు కైంకర్యము కలదు. అట్టి సేవకును ఇట్టి పనివాడే ఆధారము.

మైనము ఏండ్లు గడచినకొలది వదులగును, ఎండకు మెత్తబడును. కనుక ఇంట పాతవీణ యున్నవారు తీగలు మార్చుటతో సరిపెట్టరాదు. సారణిని విడిగా మీటి, పిదప 12వ మెట్టుపై నొక్కి మీటి చూడుడు. రెండవది సరిగా పైస్థాయి షడ్జము కావలెను. కానిచో తంత్రి మార్చి మరల చూడుడు. అప్పటికిని తేడా యున్నచో వీణను గోడకు వ్రేలాడదీయక, మేళము కట్టువాని యొద్దకు పంపుడు.