మందు పడలేదా? ఏ మందో తేల్చే చర్మ పరీక్షలు

జ్వరం వస్తే యాంటీబయాటిక్, నొప్పుల మాత్ర, దగ్గు సిరప్ కలిపి వాడతాం. వారం తిరిగేసరికి ఒంటినిండా దద్దుర్లు. మూడింటిలో ఏది కారణం? చాలా ఇళ్లలో అనుమానం యాంటీబయాటిక్ మీదికే పోతుంది. ఇక జీవితాంతం ‘నాన్నగారికి పెన్సిలిన్ పడదు’ అనే చెబుతాం. పాశ్చాత్య దేశాల్లో ఇలా చెప్పేవారిని పరీక్షిస్తే, దాదాపు 10 మందిలో 9 మందికి ఆ ఎలర్జీ లేదని తేలింది. ఊహతో వేసిన ముద్ర వల్ల అవసరానికి మంచి మందు దూరమవుతుంది. అసలు కారణమైన మందు మందుల డబ్బాలోనే ఉండిపోతుంది.

పరీక్షలు మూడు రకాలు:

1. ప్రిక్ టెస్ట్: ముంజేతిపై మందు చుక్క వేసి సూదితో పైపైన గుచ్చుతారు. 15–20 నిమిషాల్లో ఫలితం చూస్తారు. మందు వేసుకున్న గంటలోపే దద్దుర్లు వచ్చినవారికి ఇది ఉపయోగం.

2. ఇంట్రాడెర్మల్ టెస్ట్: ప్రిక్‌లో తేలకపోతే, బాగా పలుచన చేసిన మందును చర్మం పొరలోకి ఎక్కిస్తారు.

3. ప్యాచ్ టెస్ట్: రోజుల తర్వాత వచ్చే దద్దుర్లకు. మందును వ్యాజిలిన్‌లో కలిపి వీపుపై అతికించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. మందు వాడిన ప్రతిసారీ ఒకేచోట నల్లమచ్చ వచ్చేవారికి ప్యాచ్‌ను ఆ మచ్చపైనే వేయాలి. ఆ మందును గుర్తుపట్టే కణాలు అక్కడే ఉంటాయి.

దద్దుర్లు పూర్తిగా తగ్గి 4–6 వారాలు గడిచాకే పరీక్ష. సెట్రిజిన్ వంటి మాత్రలు ఫలితాన్ని కప్పేస్తాయి కాబట్టి, డాక్టరు చెప్పినన్ని రోజుల ముందే ఆపాలి.

పరీక్షలో ఏమీ రాకపోతే క్లీన్ చిట్ దొరికినట్లు కాదు. అవసరమైతే ఆసుపత్రిలోనే కొద్ది మోతాదుతో మొదలుపెట్టి గమనిస్తారు. బొబ్బలు, నోటిపూత, చర్మం ఊడటం వంటి తీవ్ర లక్షణాలు వచ్చినవారికి అనుమానమున్న మందును మళ్లీ ఇచ్చి చూడరు. ఇంట్లో ‘సగం మాత్ర వేసి చూద్దాం’ అనుకోవడం ప్రాణాపాయం.

కుటుంబంగా మనం చేయాల్సినవి:

• దద్దుర్లు రాగానే డాక్టరుకు చూపించాలి. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా, బొబ్బలు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
• రోజూ ఫొటో తీయాలి; మందుల స్ట్రిప్పులు, చీటీలు దాచాలి.
• ఆయుర్వేద మందులతో సహా ఏది ఏ తేదీన మొదలైందో రాయాలి.

బ్యాంకులో లెక్క తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం. ఎవరో ఒకరి ఖాతాకు రాసేయం. మందు విషయంలోనూ ఆధారాలతో చర్మవ్యాధి నిపుణుల వద్దకు వెళ్లి తేల్చుకుందాం. తేలిన పేరును రాయించుకుని, ప్రతి డాక్టరుకూ చూపిద్దాం.