కొలత వస్తే కొలువు

ఎలక్ట్రికల్ చదివితే ఏం ఉద్యోగం వస్తుందని అడిగితే మన దగ్గర తిరిగి తిరిగి మూడే జవాబులు వినిపిస్తాయి: డిస్కంలో లైన్‌మన్ లేదా ఏఈ పోస్టు, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్, కాంట్రాక్టర్ దగ్గర హౌస్ వైరింగ్. మొదటిది నోటిఫికేషన్ మీద, రెండోది ఆ జిల్లాలో పరిశ్రమ ఉండటం మీద ఆధారపడినవి. మూడోదానిలో పోటీ ఎక్కువ, రేటు తక్కువ. ఈ మూడింటి పక్కనే ఇంకో దారి ఉంది. ఇల్లయినా, అద్దె వాటా అయినా, దుకాణమైనా, ఆసుపత్రి అయినా అక్కడ ఇప్పటికే ఉన్న వైరింగును పరికరాలతో పరీక్షించి, ఏది బాగుందో, ఏది ప్రాణం మీదికి తెస్తుందో కాగితం మీద పెట్టి సంతకం చేసే పని అది. ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్‌లలో ఏ మెట్టు మీద ఉన్నవారైనా తీగ కలపడంతో పాటు తీగను కొలవడం కూడా నేర్చుకుంటే, మిగతావాళ్లతో రేటు తగ్గించుకునే పోటీ నుంచి బయటపడతారన్నది నా వాదన.

అవసరం ఎంత ఉందో ముందు చూద్దాం. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం దేశంలో విద్యుదాఘాతంతో చనిపోతున్నవారు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేలకు పైనే. షార్ట్‌సర్క్యూట్‌తో రేగే మంటల్లో పోయేవారు వేరే. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో కింద దుకాణం, పైన కాపురం ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది మరణించారు. షార్ట్‌సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఇలాంటి పాత భవనాలు మన పట్టణాల్లో బజారుకో పది కనబడతాయి. ముప్పై ఏళ్ల కిందట రెండు ఫ్యాన్లకు, నాలుగు బల్బులకు, ఒక టీవీకి లాగిన తీగల మీదే ఇవాళ ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్ నడుస్తున్నాయి. కనెక్షన్ తీసుకునే రోజున కాంట్రాక్టర్ ఒక టెస్ట్ రిపోర్ట్ ఇస్తాడు. చాలా ఇళ్లలో ఆ తర్వాత ఆ వైరింగును ఎవరూ పరీక్షించరు. ఫ్యూజు పోతే వేస్తారు, స్విచ్చు కాలితే మారుస్తారు, అంతే.

కంటితో చూస్తే చాలదా అంటే, చాలదు. ఒక స్నానాల గదిలో గీజర్ ఉందనుకోండి. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, పెరట్లో ఎర్త్ గుంత ఉంది, మెయిన్ బోర్డులో 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. చూడటానికి అన్నీ సవ్యమే. కానీ వేసవికి ఎర్త్ గుంత ఎండి దాని నిరోధం 50 ఓమ్‌లకు చేరింది. లోపల హీటింగ్ ఎలిమెంట్ చిట్లి ఫేజు గీజర్ బాడీని తాకింది. 230 వోల్టులను 50తో భాగిస్తే వచ్చేది 4.6 ఆంపియర్లు. ఇరవై ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, కాబట్టి అది పడిపోదు. గీజర్ బాడీ మీద, దానికి తగిలి ఉన్న ఇనుప పైపు మీద దాదాపు పూర్తి వోల్టేజీ నిలిచే ఉంటుంది. తడి ఒంటితో దాన్ని ముట్టుకున్న మనిషికి సెకను పాటు 100 మిల్లీ ఆంపియర్లు పారినా ప్రాణం పోవచ్చు. అక్కడ లీకేజీని పట్టి కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి, అది నిజంగా పనిచేస్తుంటే సెకనులో చిన్న భాగంలోనే కరెంటు ఆగిపోతుంది. ఆర్‌సీసీబీ ఉందా లేదా అన్నది ఎవరైనా చూసి చెప్తారు. అది ఎన్ని మిల్లీ ఆంపియర్ల దగ్గర, ఎన్ని మిల్లీ సెకన్లలో పడుతోందో మాత్రం టెస్టరుతో కొలిస్తేనే తెలుస్తుంది. ఎర్త్ నిరోధమైనా, ఇన్సులేషన్ అయినా అంతే. ఈ కొలవడమే కొత్త ఉద్యోగం.

చట్టం ఇందుకు చోటు ఎప్పుడో ఇచ్చింది. 2003 విద్యుత్ చట్టంలోని 162వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాల్లో చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్, ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, కనెక్షన్ ఉన్న ప్రతి ఇన్‌స్టలేషన్‌నూ ఐదేళ్లకు మించకుండా తనిఖీ చేసి పరీక్షించాలని చెప్పాయి. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లతో పాటు, ప్రభుత్వం అధీకృతం చేసే చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజినీర్ అనే హోదా కూడా ఈ వ్యవస్థలో ఉంది. దానికి ఎలక్ట్రికల్ చదువుతో పాటు ఏళ్ల అనుభవం కావాలి కాబట్టి అది ఇవాళ పాసైనవారి గమ్యం కాదు. పదేళ్ల తర్వాతి మెట్టుగా గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, బలమైనదే. రూలు ఉన్నా అడిగేవాళ్లు లేరు, ఇంటి ఓనరు తనిఖీకి రూపాయి తీయడు, మరి జీతం ఎవరిస్తారు? ఇళ్ల విషయంలో ఇది ఇవాళ్టికి నిజం. అయితే అడిగేవాళ్లు ఏర్పడటానికి ఎక్కువ కాలం పట్టదని ఇంగ్లండ్ చూపించింది. అక్కడ 2020లో వచ్చిన నిబంధనలతో ప్రైవేటు అద్దె ఇళ్లలో దాదాపు అన్నింటికీ ఐదేళ్లకోసారి తనిఖీ తప్పనిసరైంది. కొత్త అద్దె ఒప్పందాలకు 2020 జులై 1 నుంచి, పాతవాటికి 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. ప్రమాదకరమైన లోపం బయటపడితే 28 రోజుల్లో సరిచేయించాలి. పట్టించుకోని ఓనరుకు 2020 నిబంధనల్లో 30 వేల పౌండ్ల దాకా జరిమానా పెట్టారు. అక్కడ చదువుకునే మన తెలుగు విద్యార్థులు అద్దెకు దిగేముందు ఓనరును ఈ రిపోర్టు అడిగి తీసుకోవచ్చు, అది వాళ్ల హక్కు. జపాన్‌లోనైతే మామూలు ఇళ్లకు కూడా నాలుగేళ్లకోసారి తనిఖీ జరుగుతుంది, దానికోసమే పనిచేసే సంస్థలున్నాయి. మన దగ్గర ఇళ్లు ఆలస్యం కావచ్చు గానీ ఆసుపత్రులు, మాల్స్, సొంత ట్రాన్స్‌ఫార్మరున్న అపార్ట్‌మెంట్లు, ఐటీ కార్యాలయాలు, డేటా సెంటర్లు ఆగవు. బీమా సంస్థ అడుగుతుంది, విదేశీ క్లయింటు ఆడిట్ అడుగుతాడు. ఇంటి మీది సోలార్ ప్యానెళ్లు, సెల్లారులో ఈవీ చార్జర్లు వచ్చాక పాత మెయిన్ బోర్డు తట్టుకుంటుందా అన్న ప్రశ్న అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లోకీ రాక తప్పదు. మొదటి జీతం ఇచ్చేది వీళ్లే.

రెండో అభ్యంతరం: ఉన్న ఎలక్ట్రీషియనే చూసి చెప్తాడు కదా, ప్రత్యేకంగా ఇన్‌స్పెక్టర్ ఎందుకు? చూసి చెప్పేవాడే బాగుచేసి డబ్బు తీసుకుంటే, లేని లోపం పుట్టవచ్చు. తను చేసిన పనిలోనే లోపం ఉంటే కనబడకుండా పోవచ్చు. రిపోర్టుకు విలువ వచ్చేది అది రాసినవాడికి రిపేరులో వాటా లేనప్పుడే. ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాచనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో తనిఖీ తప్పనిసరయ్యాక, సరిగా పరీక్షించకుండానే చవగ్గా రిపోర్టులు రాసిచ్చేవాళ్లూ తయారయ్యారు. మన దగ్గర ఆ రోగం రాదనుకోవడం అమాయకత్వం. పొల్యూషన్ సర్టిఫికెట్లను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ రంగంలో నిలబడాలనుకునేవారు ప్రతి సర్క్యూట్‌కూ వచ్చిన అంకెను రాసే అలవాటు చేసుకోవాలి. ‘ఓకే’ అని టిక్కు పెట్టిన కాగితానికి ప్రమాదం జరిగిన మర్నాడు ఏ విలువా ఉండదు. అంకెలున్న కాగితమే రాసినవాడిని కాపాడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు, లేదా పాలీసెట్ రాసి మూడేళ్ల ట్రిపుల్‌ఈ డిప్లొమా. డిప్లొమా వాళ్లు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. చదువుతో సమానంగా ముఖ్యమైనది లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్, ఆ పైన సూపర్‌వైజర్ సర్టిఫికెట్. ఇవి లేకుండా ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది. చేతిలో పని ఉన్నా, రిపోర్టు కింద సంతకం పెట్టే అర్హత వాళ్లకు రాదు. వైరింగు ప్రమాణం ఐఎస్ 732, ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043, నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఇంగ్లిష్‌లో ఉంటాయని భయపడి వదిలేయొద్దు. అవసరమైన పేజీలు కొద్దే, చదవగా చదవగా అలవాటవుతాయి. గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్దామనుకునేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: ఇక్కడి పర్మిట్ అక్కడ చెల్లదు. బ్రిటన్‌లో అక్కడి వైరింగు ప్రమాణం బీఎస్ 7671 ప్రకారం మళ్లీ అర్హత సంపాదించాలి. కొలిచే పద్ధతి, దాని వెనకున్న లెక్క మాత్రం మారవు.

ముందుగా ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వాడటం నేర్చుకోండి. మెయిన్ ఆఫ్ చేసి, కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకుని, ఎల్ఈడీ బల్బులు, టీవీ లాంటివన్నీ విడదీసి, న్యూట్రల్‌ను లింకు నుంచి తప్పించి, 500 వోల్టుల డీసీ మీద ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ కొలవాలి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపితే ఆ సర్క్యూట్‌లో తేమ చేరిందో, తీగ పైతొడుగు చిట్లిందో వెతకాలి. విడదీయడం మరిచిపోతే ఇంటివాళ్ల ఎలక్ట్రానిక్ వస్తువు పాడవుతుంది, పైగా రీడింగూ తప్పొస్తుంది. చాలా కాలేజీల్లో ఈ పరికరం ల్యాబ్ బీరువాలోనే ఉంటుంది, ప్రాక్టికల్ పరీక్ష రోజున తప్ప బయటికి రాదు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో రేపు పొద్దున అడగండి.