బడి మూసిన నెలన్నర: వేంసూరు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ 23న బడికి తాళం పడితే, మళ్లీ తీసేది జూన్ 12న. 2024లోనూ, 2025లోనూ ఇవే తేదీలు. ఇంటర్ చేరికలు, టీసీలు, సప్లిమెంటరీ, పిల్లల్ని పనికి పంపడం, పెళ్లి మాటలు అన్నీ ఈ మధ్యలోనే వస్తాయి. ఖమ్మం జిల్లా వేంసూరు మండలంలో మర్లపాడు, కందుకూరు, దుద్దెపూడి వైపు తల్లిదండ్రులకు ఈ రోజుల్లో వచ్చే సందేహాలు ఇవి.

ఒంటిపూట బడులప్పుడు మధ్యాహ్న భోజనం పెట్టాలా?

పెట్టాలి. బడి సగం పూటే నడిచినా అది పనిదినమే. అన్నం తిన్నాకే పిల్లలు ఇంటికి వస్తారు. బియ్యం రాలేదనో, వంటమనిషి రాలేదనో ఆ రోజు పొయ్యి వెలిగించకపోతే, ఆ పూట తిండికి బదులుగా గింజలూ డబ్బూ కలిపి ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 2015 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. దానికి గడువు తర్వాతి నెల 15. అడిగినవాళ్లు తక్కువ గనుక ఇచ్చిన సందర్భాలూ తక్కువే.

మరి సెలవుల్లో?

చట్టం ప్రకారం లేదు. 2016 కరువులో మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు వల్ల కరువు మండలాల్లో వేసవిలోనూ భోజనం పెట్టారు. అది ఆ ఏటి ఏర్పాటు.

పదో తరగతికి వెళ్లే పిల్లల్ని మే నెలలో క్లాసులకు రమ్మంటున్నారు. పంపాల్సిందేనా?

అక్కర్లేదు. విద్యాశాఖ క్యాలెండర్ ప్రైవేటు బళ్లకూ వర్తిస్తుంది. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని అధికారులు ఏటా చెబుతూనే ఉన్నా, ఏటా పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. మండల విద్యాధికారికి ఓ కాగితం రాసివ్వండి. నోటిమాటగా చెబితే అది అక్కడే ఆగిపోతుంది.

ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఇవ్వడం లేదు. సర్కారు బడిలో చేర్చుకుంటారా?

ఎనిమిదో తరగతి వరకు నిక్షేపంగా చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఈ సంగతి సూటిగా చెప్పింది: పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి, అది రావడం ఆలస్యమైందని కొత్త బడి పిల్లను ఆపకూడదు. వయసు ధ్రువపత్రం లేదన్న సాకూ చెల్లదు, అది 14వ సెక్షన్. ఫీజు బాకీ పెద్దవాళ్ల మధ్య లెక్క, దానికి పిల్ల చదువును తాకట్టు పెట్టే అధికారం ఎవరికీ లేదు. అయితే ఈ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. తొమ్మిది, పది తరగతులకు ఇంత గట్టి రక్షణ లేదు. అందుకే బడి మార్చే ఆలోచన ఉంటే ఎనిమిదో తరగతి పూర్తికాకముందే తేల్చుకోవడం మేలు. జూన్ మొదటి వారంలో మొదలయ్యే బడిబాటలో టీచర్లు వీధుల్లోకి వచ్చినప్పుడు ఈ మాట వాళ్లనే అడగండి, కాగితాల పని వాళ్ల చేతే చేయించుకోండి.

పదిలో ఒక సబ్జెక్టు పోయింది. మావాడు బాగానే రాశానంటున్నాడు.

దారులు రెండున్నాయి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం, సబ్జెక్టుకు 500 రూపాయలు. రీవెరిఫికేషన్ 1000 రూపాయలు. అందులో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయా అని చూస్తారు, కూడిక సరిచూస్తారు, జవాబు పత్రం నకలు చేతికిస్తారు. రెండో దానికి డబ్బు కడితే మొదటిది విడిగా అక్కర్లేదు. ఏ దారిలోనూ పేపరు కొత్తగా దిద్దరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి, దరఖాస్తు గడువు మే 15తో ముగిసింది. అంటే చేతిలో ఉన్నది రెండు వారాలు. ఈ దరఖాస్తును నమ్ముకుని సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు. ఆ ఏడు సప్లిమెంటరీ జూన్ 3నే మొదలైంది. తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పింది కాబట్టి, నకలు అడిగితే బడిలో ఎవరైనా ముఖం చిట్లించినా పట్టించుకోనక్కర్లేదు.

పాపని ఇంటర్ బైపీసీకి విజయవాడలో చేర్చాలనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?

డాక్టరు చదువు ఆశ ఉంటే పెద్ద ఇబ్బందే. మన మండలంలో ఎక్కువమంది తెలియక నష్టపోయేది ఇక్కడే.

తెలంగాణలో ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లకు స్థానికులుగా లెక్కకు రావాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే నాలుగేళ్లూ, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ, తెలంగాణలోనే చదివి ఉండాలి. 2024 జులైలో వచ్చిన 33వ నంబరు జీవో ఈ సంగతి ఖాయం చేసింది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లను బయటికి నెట్టకూడదని ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు అంది. కానీ 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. మినహాయింపులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, అఖిల భారత సర్వీసులు, సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లల వంటివారికి. వేంసూరు మామిడి రైతు బిడ్డకు అందులో చోటు లేదు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ ఖమ్మం జిల్లావే అయినా, ఇంటర్ తిరువూరులోనో ఏలూరులోనో చదివితే తెలంగాణ మెడికల్ కౌన్సెలింగులో ఆ పిల్ల స్థానికేతరురాలే.

హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే ఇది న్యాయంగానే కనిపించవచ్చు. రాష్ట్ర సరిహద్దు పక్కనే ఉండి, దగ్గర్లో ఉన్న పట్నానికి పిల్లల్ని పంపే ఊళ్లకు మాత్రం ఇది శిక్షే అని నా అభిప్రాయం. ఒకప్పుడు వేంసూరు పేరుతోనే అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది, అక్కడి నుంచి గెలిచిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. అయినా ఇంటర్ అనగానే ఆంధ్ర బస్సు ఎక్కించే అలవాటు మాత్రం మనకు పోలేదు. సీటు బుక్ చేసుకోమని మే నెలలో ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వోలు ఈ జీవో సంగతి ఎత్తరు. అడ్వాన్సు కట్టేముందు మీరే ఎత్తండి.

ఉద్యోగాలకూ ఇదే లెక్కా?

కాదు. ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వులున్నాయి. అక్కడ చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు. అందులో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికులు. 2016లో జిల్లాలు విడిపోయాక ఇది మనవైపు చిక్కుముడి అయింది. పిల్ల దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతులు చదివితే, ఇల్లు వేంసూరులో ఉన్నా లెక్క భద్రాద్రి కొత్తగూడెందే అవుతుంది. తప్పేం లేదు, తెలిసుంటే చాలు. ఆ ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ప్రైవేటు బడి మూతపడితే రికార్డు కోసం తిరగడం నరకం.

సెలవుల్లో పిల్లల్ని పనికి తీసుకెళ్లొచ్చా?

సొంత తోటలో, ఇంటి పనిలో, ప్రమాదం లేనంత వరకు సాయం చేయొచ్చు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని కూలికి పంపడం బాల కార్మిక చట్టానికి చేసిన 2016 సవరణ తర్వాత పూర్తిగా నేరం. పెట్టుకున్నవారికి 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా రెండూ ఉంటాయి. పద్నాలుగు దాటినా పద్దెనిమిదిలోపు ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు.

పది అయిపోయింది, మంచి సంబంధం వచ్చింది అంటున్నారు...

పద్దెనిమిది నిండకపోతే అది మంచి సంబంధం కాదు, నేరం. ముహూర్తం పెట్టించినవాళ్లు, జరిపించినవాళ్లు, చూస్తూ ఆపనివాళ్లు కూడా 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కిందికి వస్తారు. పక్కింటి పిల్లదైనా సరే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఆ కాల్‌కు డబ్బు పడదు.

ఫిర్యాదు ఇచ్చాం, జవాబు లేదు. ఏం చేయాలి?

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మా ఫిర్యాదుపై ఏ తేదీన ఏం చర్య తీసుకున్నారు అన్న ఒక్క ప్రశ్న చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, వేసవి సెలవుల వల్ల ఆ గడువు పెరగదు.